కారు దించితే షాకులూ మార్చాల్సిందే

అమెరికా వచ్చిన మనవాళ్లు ఉద్యోగం కుదురుకోగానే మొదట కొనేది కారు. సెకండ్ హ్యాండ్ సివిక్కో, కరోలానో, కామ్రీయో. కాగితాల మీద అది ఒకడిదే అయినా గదిలో నలుగురుంటే నలుగురిదీను. పనికి, గ్రోసరీకి, గుడికి, ఎయిర్‌పోర్టుకి అన్నిటికీ అదే. కాబట్టి ఆ కారుకు ఏం చేసినా అది ఒక్కడి సరదా వ్యవహారం కాదు.

ఇప్పుడు మన కుర్రాళ్లలో చాలామందికి కారును రెండంగుళాలు కిందికి దించాలన్న మోజు ఉంది. 2001లో 'ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్' సినిమా చూసి పెరిగినవాళ్లు కొందరు, పక్కింటి కుర్రాడి కారు చూసి ముచ్చటపడ్డవాళ్లు కొందరు. ముచ్చటను మేం తప్పుపట్టడంలేదు. కాని వాళ్లంతా ఒకే ప్రశ్న వేస్తున్నారు. 'పొట్టి స్ప్రింగులు వేస్తే కారు దిగిపోతుంది కదా, మళ్లీ షాకులు, స్ట్రట్లు మార్చడం ఎందుకు? దండగ ఖర్చు కాదా?' అని.

మా మాట సూటిగా చెబుతాం. దించేట్టయితే రెండూ కలిపి మార్చండి. రెండింటికీ డబ్బు లేకపోతే, కూడేదాకా ఆగండి. సగం పని మాత్రం చేయించొద్దు.

స్ప్రింగు పని వేరు, షాకు పని వేరు

బండి బరువు మోసేది స్ప్రింగు. గుంటలో పడ్డప్పుడు అది నొక్కుకుని మళ్లీ పైకి లేస్తుంది. దాన్నలా వదిలేస్తే ఉయ్యాలలా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును పట్టి ఆపేది షాక్ అబ్జార్బరు. దాని లోపల నూనె, పిస్టను, సన్నటి దారులు ఉంటాయి. నూనె ఆ దారుల్లోంచి కష్టంగా వెళ్తుంది కాబట్టి ఊపు వేడిగా మారి తగ్గిపోతుంది. స్ట్రట్టు ఇంకో మెట్టు పైన. అది షాకు పని చేస్తూనే చక్రాన్ని నిలువుగా పట్టి ఉంచుతుంది. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే ఇంజినీరు పేరు మీద వచ్చిన ఈ పద్ధతిని 1950లో బ్రిటన్‌లో ఫోర్డు కాన్సల్ కారుకు వాడారు. ఇవాళ మనం కొనే కామ్రీ, కరోలాల ముందు చక్రాలకు ఉన్నది కూడా అదే.

దించడానికి వేసే స్ప్రింగు పొట్టిగా ఉంటుంది, గట్టిగానూ ఉంటుంది. కదలడానికి చోటు తగ్గింది కాబట్టి గట్టిగా చెయ్యక తప్పదు. పాత షాకేమో మెత్తటి స్ప్రింగును అదుపు చెయ్యడానికి తయారైంది. గట్టి స్ప్రింగు వెనక్కి తన్నే జోరును అది ఆపలేదు. పైగా బండి కిందికి దిగినప్పుడు షాకు కడ్డీ కూడా అంతమేర లోపలికి వెళ్లి కూర్చుంటుంది. ఉదాహరణకు, ఇదివరకు మూడంగుళాలు పైకి కదిలే చోటుంటే, అంగుళంన్నర దించాక సగమే మిగులుతుంది. చిన్న గుంట తగిలినా కడ్డీ రబ్బరు స్టాపరుకు ఢీకొడుతుంది. రోజుకు వందసార్లు అలా కొట్టుకుంటే సీళ్లు పోయి నూనె కారక ఏమవుతుంది?

సివిల్ డిప్లొమా చదివి సైట్ల మీద పనిచేసే మాలాంటివాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. శ్లాబు మందం పెంచి, కింద సపోర్టులు మాత్రం పాత లెక్క ప్రకారమే పెడతానంటే ఎవరైనా ఒప్పుకుంటారా? ఇదీ అంతే.

వెనక సీట్లో కూర్చునేది ఎవరు?

మనం కొనే కార్లు చాలావరకు 80 వేలో, లక్షో మైళ్లు తిరిగినవి. 50 వేల మైళ్లు దాటితే షాకులు చూపించుకోమనో, మార్చమనో వాటి తయారీదార్లే చెబుతుంటారు. అంటే స్ప్రింగులు వేసేనాటికే మన షాకులు సగం అలిసిపోయి ఉంటాయి. షాకు నూనెతో తడిసి ఉన్నా, టైరు మీద ఎత్తుపల్లాలుగా అరిగినా, గుంట దాటాక బండి రెండు మూడుసార్లు ఊగినా దాని పని అయిపోయినట్టే.

ఖాళీ కారులో ఒక్కరే వెళ్తే తేడా అంతగా తెలియకపోవచ్చు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చిన రోజు చూడండి. నాలుగు పెట్టెలు, ఒక్కోటి 50 పౌండ్లు. డిక్కీలోనే 200 పౌండ్లు. లోపల అయిదుగురు. ముందే దిగి ఉన్న బండి ఇంకా దిగుతుంది. న్యూజెర్సీలోనో, మిషిగన్‌లోనో చలికాలం ముగిసే రోజుల్లో మంచు గడ్డకట్టి, కరిగి రోడ్లన్నీ గుంటలు పడి ఉంటాయి. ఆ దెబ్బ నేరుగా నాన్నగారి నడుముకు తగులుతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం బ్రేకు వేసినప్పుడు ఉంది. షాకు పట్టులేని చక్రం రోడ్డును అంటిపెట్టుకోక ఎగురుతుంది. ఎగిరే టైరు కారును ఆపలేదు. గతుకుల మలుపులో అయితే బండి పక్కకు జారుతుంది.

లెక్క వేసి చూస్తే

'దండగ ఖర్చు' అన్న మాటకు వద్దాం. స్ట్రట్టు ఉన్న కారుకు స్ప్రింగు మార్చాలంటే స్ట్రట్టు మొత్తం ఊడదియ్యాలి, స్ప్రింగును బిగించి నొక్కాలి, విప్పాలి, మళ్లీ కూర్చాలి. కొత్త స్ట్రట్టు వెయ్యడానికి చేసే పనీ అచ్చంగా అదే. ఒకేసారి చేయిస్తే కూలి ఒకసారే. ఆరునెలలకు పాత షాకులు పోయాక మళ్లీ వెళ్తే కూలి రెండోసారి, అలైన్‌మెంటు రెండోసారి, మధ్యలో అరిగిన టైర్లు అదనం. స్ప్రింగులకు డబ్బుపోసి షాకుల దగ్గర వెనకాడటం ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టే.

'డబ్బా మీద కంపెనీ షాకులతో వాడొచ్చని రాసి ఉంది కదా' అనేవాళ్లున్నారు. అందులో కొంత నిజం ఉంది. బండి కొత్తది, షాకులు బాగున్నాయి, దించేది ఒక అంగుళం లోపే, స్ప్రింగులు మంచి కంపెనీవి. అలాంటప్పుడు కొన్నాళ్లు నడుస్తుంది. మనవాళ్లలో ఎంతమంది బండ్లు ఆ నాలుగు షరతులకూ సరిపోతాయో గుండెమీద చెయ్యేసుకుని చెప్పండి.

స్ప్రింగును రంపంతో కోయడం, మంటపెట్టి కుంగదీయడం మాత్రం పొరపాటున కూడా చెయ్యొద్దు. వేడికి ఉక్కు గుణమే మారిపోతుంది. కోసిన స్ప్రింగు దాని గిన్నెలో సరిగ్గా కూర్చోదు. కూలి మిగులుతుందని అపార్ట్‌మెంటు పార్కింగులో మీరే విప్పడానికి దిగకండి. నొక్కి ఉంచిన స్ప్రింగు జారితే మనిషి ప్రాణం తీస్తుంది. స్టాండ్లు పెట్టకుండా జాకీని నమ్మి బండి కిందికి దూరడం అంతకన్నా తెలివితక్కువ పని. ఇన్సూరెన్సు ఉన్నా ఆసుపత్రి బిల్లు ఎంతవుతుందో ఈ దేశంలో మనకు తెలియంది కాదు.

చట్టం సంగతి

కాలిఫోర్నియాలో చక్రం రిమ్ము అడుగు కన్నా బండి కిందికి రాకూడదని 1958లో చట్టం తెచ్చారు. దాని దెబ్బ ఎక్కువగా తగిలింది మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్ల లోరైడర్ కార్లకే. 1959లో రాన్ ఆగిరే అనే ఆయన తన కార్వెట్‌కు హైడ్రాలిక్ పంపులు బిగించి, స్విచ్ నొక్కితే బండి లేచేలా చేశాడు. 2023లో చేసిన కొత్త చట్టంతో 2024 జనవరి 1 నుంచి ఆ నిషేధం పోయింది. వాళ్లను చూసి నేర్చుకోవాల్సింది ఒకటుంది. కారు దించడాన్ని వాళ్లు పనితనంగా చూశారు, సస్పెన్షన్ మొత్తం తిరిగి కట్టుకున్నారు. చవకలో సగం పని చేసి రోడ్డెక్కడం వేరు.

మిగతా రాష్ట్రాల్లో ఎక్కడి నిబంధనలు అక్కడే. మీ రాష్ట్రంలో ఎత్తు ఎంతుండాలో, ఇన్‌స్పెక్షన్‌లో ఏం చూస్తారో ముందే కనుక్కోండి. వీసా మీద ఉన్నవాళ్లకు పోలీసు ఆపడమే ఒక దిగులు, దానికి కారణం మనమే ఇవ్వడం ఎందుకు? వారంటీ విషయంలో భయం అక్కర్లేదు. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం బయటి పార్టు వేశారన్న ఒక్క సాకుతో వారంటీ మొత్తం రద్దు చెయ్యడానికి వీల్లేదు. కాని ఆ పార్టు వల్లే చెడిందని తేలితే ఆ ఖర్చు మీదే. లీజు కారైతే అసలు ముట్టుకోవద్దు. ఇన్సూరెన్సు వాళ్లకు మార్పు సంగతి చెప్పి ఉంచండి, లేకపోతే క్లెయిము దగ్గర పేచీ రావచ్చు.

గ్యారేజీలో ఎస్టిమేటు అడిగినప్పుడు ఇవన్నీ రాయించుకోండి: స్ప్రింగులు, వాటికి తగిన నాలుగు షాకులు లేదా స్ట్రట్లు, పై మౌంట్లు, రబ్బరు స్టాపర్లు, చివర అలైన్‌మెంటు. కొత్త బండి అయితే లేన్ కెమెరా, రాడార్ సర్దుబాటు అవసరమో కాదో అడగండి. హెడ్‌లైట్ల చూపు కూడా సరిచేయించండి. కంట్రోల్ ఆర్మ్ రబ్బరు బుష్షుల బోల్టులను బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చివరి బిగింపు బిగించమనండి. గాల్లో బిగిస్తే రబ్బరు మెలితిరిగి తొందరగా చిరుగుతుంది.

ఆ మొత్తం చూసి గుండె గుభేలుమంటే బండిని ఉన్న ఎత్తులోనే ఉంచండి. పాత షాకుల స్థానంలో కంపెనీ రకం కొత్తవి వేయించినా చాలు, బండి నిలకడగా నడుస్తుంది. అందం కోసం పెట్టే ఖర్చు వాయిదా వేస్తే పోయేదేమీ లేదు. బండి అదుపు కోసం పెట్టాల్సిన ఖర్చు వాయిదా వేస్తే మాత్రం ఆ బాకీ వెనక సీట్లో కూర్చున్నవాళ్లు తీర్చాల్సి వస్తుంది.