వీపు మీది పొగ

జనగామ బస్టాండు ముందు కాసేపు నిలబడితే ఒకప్పుడు చొక్కాకు పొగ వాసన పట్టేది. మానుకోటలోనూ అంతే, భూపాలపల్లిలోనూ అంతే. చేతక్‌లు, రాజ్‌దూత్‌లు, లూనాలు, ఆర్‌ఎక్స్ 100లు, పాత ఆటోలు... అన్నీ టూ స్ట్రోక్ బండ్లే. 2000 నుంచి కాలుష్య నిబంధనలు మెట్టు మెట్టుగా బిగుస్తూ రావడంతో కంపెనీలు వాటిని తయారు చేయడం మానేశాయి. పాల క్యాన్ల నుంచి ఎరువుల బస్తాల దాకా మోసిన టీవీఎస్ ఎక్సెల్‌లో కూడా 2015లో ఫోర్ స్ట్రోక్ ఇంజను వచ్చింది. రోడ్డు మీద నీలం పొగ ఇప్పుడు అరుదు.

అంతమాత్రాన టూ స్ట్రోక్ పోయిందనుకోకండి. రోడ్డు దిగి చేలోకి వెళ్లింది. పత్తికీ మిర్చికీ మందు కొట్టడానికి వీపుకు తగిలించుకునే పెట్రోలు పంపు ఉంది చూశారూ, తైవాన్ స్ప్రేయర్ అంటారే, అందులో చాలావాటికి ఉన్నది ఈ ఇంజనే. బండి పొగ వెనక వచ్చేవాడి ముక్కులోకి పోతుంది. పంపు పొగ మోసేవాడి ముక్కులోకే పోతుంది. తేడా అదొక్కటే, కానీ చిన్న తేడా కాదు.

ఈ పొగ గోల మనకొక్కరికే లేదు. విదేశాల్లో నాలుగు లావు చక్రాల బండ్ల మీద పొలాల్లో, ఇసుక దిబ్బల్లో తిరుగుతారు. అందులో యమహా బాన్షీ అని ఒకటి చాలా పేరు మోసింది. దాని ఇంజను, మన కుర్రాళ్లు ఎగబడి నడిపిన రాజ్‌దూత్ 350 ఇంజను ఒకే వంశానివి. ‘ఇంత పొగ ఎందుకొస్తోంది?’ అని అక్కడివాళ్లు తల పట్టుకునేదీ, మన రైతు మెకానిక్కును అడిగేదీ ఒకే ప్రశ్న.

జవాబు ఇంజను పుట్టుకలోనే ఉంది. ఫోర్ స్ట్రోక్ ఇంజనుకు కింద ఆయిల్ ఉంటుంది. అది తిరుగుతూ ఉంటుందే గానీ మండదు. టూ స్ట్రోక్‌కు అలాంటి వసతి లేదు. పెట్రోలూ గాలీ ముందు క్రాంకు ఉన్న గదిలోకి వెళ్లి, అక్కడి నుంచి పిస్టన్ పైకి చేరాలి. ఆ దారిలో బేరింగులకూ పిస్టన్‌కూ నూనె అందాలంటే పెట్రోల్లోనే కలిపి పంపాలి. పని అయ్యాక ఆ నూనె కూడా మండాల్సిందే. పూర్తిగా మండనిది నీలంగా, తెల్లగా బయటికొస్తుంది. దానికి తోడు కొత్త పెట్రోలు లోపలికి వచ్చే దారీ, పొగ బయటికి పోయే దారీ కాసేపు రెండూ తెరిచే ఉంటాయి. అందుకని కొంత పెట్రోలు మండకుండానే సైలెన్సర్ దాటేస్తుంది. కొద్దిపాటి పొగ ఈ ఇంజనుకు సహజమే. కానీ చేను ఆ గట్టు నుంచి ఈ గట్టు దాకా మబ్బు పట్టినట్టు వస్తోందంటే అది సహజం కాదు.

ఎక్కువ పొగకు మొదటి కారణం ఇంజను కాదు, మన చెయ్యి. ‘ఆయిల్ కొంచెం ఎక్కువైతే ఏమైతదన్నా, ఇంజనుకు మంచిదే గదా’ అంటూ డబ్బా వంచుతారు. కొలత ఉండదు, ధార ఉంటుంది. కంపెనీ పుస్తకంలో 50:1 అని ఉంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు. 25:1 అంటే 40. ఏ మిషనుకు ఎంతో దాని పుస్తకంలోనో ట్యాంకు మీదో రాసి ఉంటుంది. పక్కవాడి పంపు లెక్క మన పంపుకు పనికిరాదు. మందుల షాపులో సూది లేని 10 మిల్లీలీటర్ల సిరంజి ఒకటి కొనుక్కుంటే ఈ గొడవంతా ఉండదు. పురుగుమందును మూతతో జాగ్రత్తగా కొలిచే మనిషే నూనె దగ్గరికొచ్చేసరికి దానకర్ణుడైపోవడం నాకెప్పుడూ ఆశ్చర్యమే.

ఎక్కువ పోస్తే ఇంజను చల్లగా ఉంటుందన్నది కూడా భ్రమే. కార్బొరేటర్ సన్న రంధ్రంలోంచి పోయేది ఇంతే అని లెక్క. అందులో నూనె వాటా పెరిగితే పెట్రోలు వాటా తగ్గుతుంది. గాలికి తగ్గ పెట్రోలు అందక ఇంజను ఇంకా వేడెక్కే అవకాశం ఉంది. మరోపక్క మండని నూనె మసిగా మారి ప్లగ్గుకూ, రింగులకూ, సైలెన్సర్ నోటికీ పట్టేస్తుంది. దారి మూసుకుపోతే ఊపు తగ్గుతుంది. ఊపు తగ్గిందని యాక్సిలరేటర్ పెంచుతాం. మళ్లీ పొగ. అలాగని పూర్తిగా మానేస్తే నిమిషాల్లో పిస్టన్ పట్టేస్తుంది సుమా!

పోసేది ఏ నూనె అన్నది ఇంకో సంగతి. 2టీ అని రాసిన నూనె పెట్రోల్లో కలిసిపోయి, వీలైనంత శుభ్రంగా మండేలా తయారైంది. మోటార్ సైకిల్ ఫోర్ స్ట్రోక్ ఆయిల్ మండటానికి కాదు, లోపల ఉండటానికి తయారైంది. మండితే బూడిద మిగులుస్తుంది. ట్రాక్టరు నుంచి తీసిన నల్ల ఆయిల్ పోసేవాళ్లకు చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు. విడి నూనె కల్తీ మీద ఒకప్పుడు దేశ రాజధానిలోనే పెద్ద రగడ జరిగింది. ఢిల్లీలో విడిగా 2టీ నూనె అమ్మకం ఆపి, బంకుల్లో కొలత ప్రకారం కలిపిన పెట్రోలే ఇవ్వాలని 1998లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. మన చేలకు ఆ బంకు రాలేదు. కొలత మన చేతిలోనే ఉంది.

నూనె కొలత సరిగ్గానే ఉన్నా పొగ తగ్గకపోతే దాని రంగు చూడాలి. నల్లగా వస్తే పెట్రోలు ఎక్కువైనట్టు. చోక్ వేసి మరిచిపోయారేమో, ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయిందేమో చూడండి. పత్తి చేలో నూగు, బాటల మీది దుమ్ము స్పాంజిని నెల తిరక్కుండానే పూడ్చేస్తాయి. నీలం, తెలుపు కలిసి దట్టంగా వస్తే నూనె. స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు నిమిషాలు వచ్చి ఆగిపోతే కంగారు పడొద్దు, అడుగున చేరిన నూనె పోతోందన్నమాట. ఇంట్లో ఇంకా పాత ఆర్‌ఎక్స్ 100 ఉండి, అది ఆగకుండా తెల్లగా కక్కుతూ, గేర్ ఆయిల్ తరిగిపోతోందంటే క్రాంక్ ఆయిల్ సీలు పోయినట్టే. స్ప్రేయర్‌కు గేర్ ఆయిల్ లేదు కాబట్టి ఆ రోగమూ లేదు. సీలు మార్చాలి, పొగ ఆగుతుందని ఎవరైనా అంటే ఒకసారి ఆలోచించుకోండి.

ఇక అసలు సంగతి. 2021లో నల్ల తామర పురుగు మిర్చి మీద పడ్డప్పుడు మానుకోట, భూపాలపల్లి చేలల్లో మందు కొట్టి మందు కొట్టి రైతులు అలిసిపోయారు. పంపు మోసింది ఎక్కువగా కూలి మనిషి. ట్యాంకుకింత అని మాట్లాడుకుని పొద్దున్నుంచి మోస్తాడు. నూనె కలిపేది యజమాని, పీల్చేది అతను. గాలి ఆడని రోజున భుజాల ఎత్తు పెరిగిన పత్తి సాళ్లలో ఆ పొగ తొందరగా కదలదు. అందులో రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ కూడా ఉంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం... పొగకూ ఇవే లక్షణాలు, పురుగుమందు ఎక్కినా ఇవే. ఏది ఏదో చేలో నిలబడి తేల్చలేం. ‘పొగకు తల దిమ్మెక్కింది, కాసేపు పడుకుంటే పోతది’ అని వదిలేస్తే అసలు కారణం మందైనప్పుడు ప్రాణం మీదికొస్తుంది. పంపు దించి, బట్టలు విప్పి, సబ్బుతో ఒళ్లు కడిగి, మందు డబ్బాతో సహా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. డబ్బా మీది పేరు చూస్తే డాక్టరు పని సులువవుతుంది.

గాలికి ఎదురు నడుస్తూ కొట్టొద్దని మందు గురించి అందరూ చెబుతారు. పొగకూ ఆ మాటే వర్తిస్తుంది. సైలెన్సర్ మూతి పక్కకు తిరిగి ఉందో లేదో, రేకు ఊడి చెవి వైపు ఊదుతోందేమో ఎత్తుకునే ముందే చూడాలి. ట్యాంకు ఖాళీ అయితే వీపు మీద ఉండగానే పెట్రోలు పోయించుకునేవాళ్లున్నారు. కాలే సైలెన్సర్ మీద నాలుగు చుక్కలు పడితే చాలు. కింద దించి, కాస్త చల్లారనివ్వండి. బ్యాటరీ పంపులకు ఈ పొగా లేదు, ఈ మంటా లేదు. చార్జింగు అయిపోతే మధ్యలో ఆగిపోతుందని కొందరు వాటిని వద్దంటారు. ఎకరం, రెండెకరాల రైతుకు మాత్రం నా ఓటు దానికే.

పెట్రోలు పంపే ఉన్నవాళ్లు మిర్చి ఏరడం అయిపోయాక దాన్ని అలాగే మూలకు నెట్టకండి. ట్యాంకులో మిగిలిన పెట్రోలులో తేలికైన భాగం నెలల్లో ఆవిరైపోతుంది, నూనె మిగులుతుంది. కార్బొరేటర్‌లో జిగురు పేరుకుంటుంది. వానాకాలంలో తాడు లాగగానే గుప్పున వచ్చే పొగ పోయినేటి మిగులుదే. ట్యాంకు వంపేసి, ఇంజను దానంతటదే ఆగేదాకా నడిపించండి. ప్లగ్గు విప్పి బ్రష్షుతో రుద్ది, సైలెన్సర్ మూతి దగ్గరి మసిని పుల్లతో గీకి పెట్టండి. సిరంజి మాత్రం పిల్లలకు అందకుండా నూనె డబ్బా దగ్గరే ఉంచండి.