ర్యాంకులు చూసి ట్యూషన్ మాస్టారిని ఎంచుకోవచ్చా?

సంపాదకులకు,

ట్యూషన్ మాస్టారిని ఆయన శిష్యుల ర్యాంకులను బట్టి ఎంచుకోమన్న మీ పత్రిక వ్యాసంతో ఏకీభవించలేను. చురుకైనవాళ్లనే చేర్చుకునే చోట ఆ ర్యాంకుల్లో మాస్టారి వాటా ఎంతో తేల్చడం కష్టం. చూడాల్సింది పాఠం చెప్పే తీరు. 1984లో అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ వెల్లడించిన అధ్యయనాల్లో, విడిగా పాఠం చెప్పించుకున్న సగటు విద్యార్థి మామూలు తరగతిలోని 98 శాతం మందిని మించాడు. తర్వాతి పరిశోధనల్లో అంత లాభం కనిపించలేదు గానీ మేలు జరుగుతుందన్నది నిలిచింది. మధ్యమధ్య చిన్న పరీక్షలు పెట్టి, తప్పు ఎక్కడుందో పట్టుకుని వెంటనే సరిదిద్దడం బ్లూమ్ చెప్పిన ఆ విడి బోధనలో భాగం. పాతికమందిని కూర్చోబెట్టి గైడు అప్పజెప్పించుకునే చోట అది సాధ్యం కాదు.

సబ్జెక్టు రాని తల్లిదండ్రులు ఇదంతా ఎలా పసిగడతారన్నది న్యాయమైన ప్రశ్నే. నెల తిరిగాక నోటుపుస్తకం తెరిస్తే చాలు. అందులో ఉన్నవన్నీ మాస్టారు చేసిచ్చిన లెక్కలేనా, పిల్లలు తప్పు చేసి తామే దిద్దుకున్నవీ ఉన్నాయా అన్నది ఎవరికైనా తెలుస్తుంది. పిల్లల సంగతి తెలిసిన బడి టీచరే నయమన్న వాదన మాత్రం ప్రమాదకరం. 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదంటోంది. తరగతిలో చెప్పాల్సిన పాఠానికి ఇంట్లో మళ్లీ డబ్బు తీసుకోవడం ఏ పిల్లలకూ న్యాయం కాదు. ఏడాది ఫీజు ఒకేసారి కట్టేముందు కొన్నాళ్లు పాఠం చెప్పించి చూడమని తల్లిదండ్రులకు నా మనవి.

– ఒక పాఠకురాలు, గుంటూరు