హెర్షెల్ వాకరును ఇచ్చివేయుట వివేకమేనా?

అమెరికాలోని వృత్తి క్రీడా జట్లు తమ ఆటగాండ్రను ఒకరికొకరు మార్చుకొనుట సామాన్యాచారము. అట్టి మార్పిడులు ఏటేట ఎన్నియో జరుగును. వానిలో పెక్కింటిని మరునాటికి తలచువారుండరు. కాని 1989 అక్టోబరు 12వ తేదీన డాలస్ కౌబాయ్స్ అను ఫుట్‌బాలు జట్టు తన మేటి ఆటగాడైన హెర్షెల్ వాకరును మిన్నెసోటా వైకింగ్స్ జట్టునకు ఇచ్చివేసిన సంగతి మూడు దశాబ్దములు దాటినను ఇంకను చర్చకు వచ్చుచునే యున్నది. ఇచ్చినవారు బాగుపడిరి, పుచ్చుకొన్నవారు చెడిరి అని లోకము తీర్పు చెప్పినది. తీర్పు సరియైనదే. దానికి చెప్పుచున్న కారణము మాత్రము సరియైనది కాదు.

ఆ దేశపు ఫుట్‌బాలు మన పిల్లలు కాలితో తన్ను ఫుట్‌బాలు కాదు. జట్టునకు 11 మంది. కోడిగ్రుడ్డు వంటి బంతిని చేతబట్టి నాలుగు ప్రయత్నములలో 10 గజములు ముందుకు సాగవలెను. సాగలేనిచో బంతి ఎదుటి పక్షమునకు పోవును. బంతిని చంకనిడుకొని ఎదుటివారి నడుమనుండి దూసికొనిపోవువానిని రన్నింగ్ బ్యాక్ అందురు. అతడు పరుగు తీసిన ప్రతిసారియు బలిష్ఠులు ఇద్దరు ముగ్గురు మీదపడి నేలగూల్తురు. అందుచేత ఆ స్థానములో ఆడువాని ఆటకు ఆయువు తక్కువ. ముప్పదియేండ్లు దాటిన పిదప మునుపటివలె పరుగెత్తగలవారు అరుదు.

వాకరు జార్జియా విశ్వవిద్యాలయమున చదువుచుండగా, 1982లో, కళాశాల ఆటగాండ్రకిచ్చు హైస్మన్ బహుమానమును గెలిచెను. 1983 నుండి మూడేండ్లు మరియొక లీగులో ఆడి, 1986లో డాలస్ చేరెను. 1988లో ఒక్క ఏడాదిలో 1,514 గజములు పరుగెత్తెను. 1989 నాటికి అతనికి 27 ఏండ్లే. వయసునుబట్టి ముదిరినవాడు కాడు. కాని ఏడవయేడు వృత్తి ఆటలో దెబ్బలు తినుచున్నవాడు.

అతడు 1,514 గజములు పరుగెత్తిన ఆ యేడే డాలస్ జట్టు 16 ఆటలాడి 3 మాత్రమే గెలిచెను. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన ఉంచి చూచినవారికి తక్కిన కథ సగము తెలిసినట్లే. 1989 ఫిబ్రవరిలో జెర్రీ జోన్స్ అను ధనికుడు జట్టును కొనెను. 29 ఋతువులు శిక్షకుడుగా నున్న టామ్ లాండ్రీని తొలగించి, జిమ్మీ జాన్సన్‌ను నియమించెను. క్రొత్త శిక్షకుని క్రింద జట్టు మొదటి అయిదు ఆటలును వరుసగా ఓడెను. ఆ స్థితిలో వాకరు ఉన్నను ఓటమియే, లేకున్నను ఓటమియే. జట్టు నిలద్రొక్కుకొనుటకు రెండు మూడేండ్లు పట్టును. అప్పటికి వాకరు కాళ్లలో ఈ వేగముండునన్న నమ్మకము లేదు. ఒంటెద్దుతో సేద్యము సాగదని రైతునకు తెలియును. ఆ యెద్దు ఎంత మేలుజాతిదైనను అంతే. జాన్సన్ ఆ యెద్దునమ్మి విత్తనములు కొనదలచెను. మనుష్యుని పశువుతో పోల్చుట మర్యాద కాదు. ఆ వ్యాపారపు తీరే అట్టిది.

విత్తనము లనగా ఎంపిక హక్కులు. ప్రతి వసంతమునను జట్లు కళాశాలల నుండి క్రొత్త ఆటగాండ్రను విడతలుగా ఎంచుకొనును. వెనుకటి యేడు బాగుగా ఓడినవారికి ముందువంతు. ఈ వంతులను డబ్బువలెనే చేతులు మార్చవచ్చును. మిన్నెసోటా వారు వాకరు కొరకు అయిదుగురు ఆటగాండ్రను ఇచ్చిరి. ఒక్కొక్కనితో కొన్ని షరతులు ముడివడి యుండెను: నిర్ణీత దినము లోపల డాలస్ వారు ఆ ఆటగానిని వదలివేసినచో, వానికి బదులుగా మిన్నెసోటా వారి ఎంపిక హక్కు డాలస్‌కు చెందును. ఆటగాండ్రే డాలస్‌కు ముఖ్యమని మిన్నెసోటా జనరల్ మేనేజరు మైక్ లిన్ తలచెను. జాన్సన్ కన్ను మొదటినుండియు ఆ షరతుల మీదనే. తుదకు 1990, 1991, 1992 మూడు సంవత్సరముల మొదటి విడత, రెండవ విడత హక్కులును, మరి కొన్నియు డాలస్ వశమాయెను.

మైక్ లిన్ తెలివితక్కువవాడా? నేడు అందరును అట్లే యందురు. కాని మిన్నెసోటా జట్టు 1987లో సూపర్ బౌల్‌కు ఒక్క మెట్టు క్రింద ఆగిపోయినది. ఒక్క పరుగువాడున్న చాలునని వారనుకొనిరి. బేరము జరిగిన మూడవ దినముననే వాకరు గ్రీన్‌బే జట్టు మీద 148 గజములు పరుగెత్తగా, మోసపోయినవారు డాలస్ వారేయని తలచినవారు ఎందరో. ఆ యేడు మిన్నెసోటా 10 ఆటలు గెలిచి, తరువాతి పోటీలో శాన్‌ఫ్రాన్సిస్కో చేతిలో 41–13గా ఓడెను. డాలస్ 16 ఆటలలో ఒక్కటి గెలిచెను. 1989 చివర నిలిచి చూచినవాడు ఎవరిని వివేకి యనును?

తరువాతి కథ ప్రసిద్ధము. మిన్నెసోటా నుండి వచ్చిన 1990 మొదటి హక్కు 21వది. జాన్సన్ దానికి మరియొక హక్కును చేర్చి పిట్స్‌బర్గ్ వారికిచ్చి, 17వ వంతును సంపాదించి, ఎమ్మిట్ స్మిత్ అను యువకుని ఎంచుకొనెను. 1992లో వచ్చిన రెండవ విడత హక్కుతో డారెన్ వుడ్‌సన్‌ను తెచ్చుకొనెను. 1992, 1993, 1995 ఋతువులలో డాలస్ మూడుమార్లు సూపర్ బౌల్ గెలిచెను. మూడవసారి గెలుపునాటికి జాన్సన్ వెడలిపోయియుండెను. అది వేరు కథ.

ఈ మూడు గెలుపులను చూపియే అందరును ఆ మార్పిడిని మెచ్చుకొందురు. ఇచ్చటనే చిక్కు. లెక్కకు జవాబు కుదిరినంత మాత్రమున చేసిన పద్ధతి సరియైనదని ఏ ఉపాధ్యాయుడును మార్కులు వేయడు. స్మిత్తు కంటె ముందు 16 మంది ఎంపికైరి. వానిని మరియొక జట్టు తన్నుకొనిపోయిన నేమగును? బంతి విసరుటలో పేరొందిన ట్రాయ్ ఎయిక్‌మన్ 1989 ఏప్రిలులోనే, అనగా ఈ బేరమునకు ముందే, జట్టులో చేరియుండెను. అతడు రాణింపకున్న నేమగును? విత్తనములన్నియు మొలకెత్తకపోయినను వాకరును ఇచ్చుట వివేకమే యగును. ఏలయనగా, ఆనాడు చేతనున్న ఆధారములు ఆ దారినే చూపుచుండెను: ఓడుచున్న జట్టు, తరుగుచున్న కాలము, కోరినంత ఇచ్చు కొనుగోలుదారు. మూడింటిలో ఏ ఒక్కటి లేకున్నను అది దుస్సాహసమై యుండెడిది.

ఈ భేదమును గమనింపనివారు అనుభవశాలురైన ఆటగాండ్రను వదలించుకొనుటయే మేలను పాఠమును ఇందుండి తీసికొనుచున్నారు. డాలస్ చరిత్రయే దీనిని ఖండించును. వాకరును ఇచ్చి తెచ్చుకొన్న స్మిత్తు మరియొక రన్నింగ్ బ్యాకే గదా! 1993లో జీతము కుదరక స్మిత్తు ఆటకు రాకుండెను. ముందు యేటి విజేతలు, పేరుమోసిన జట్టు. అయినను మొదటి రెండాటలును ఓడిరి. జోన్స్ దిగివచ్చి అతని కోరిక చెల్లించెను. ఆ యేడు మరల కప్పు గెలిచిరి. ఓడు జట్టులో అక్కరకురాని పరుగు, గెలుచు జట్టులో లేకున్న కాళ్లు విరిగినట్లయినది. స్మిత్తును వారు 13 ఏండ్లు ఉంచుకొనిరి. వాల్టర్ పేటన్ రికార్డును 2002 అక్టోబరులో అతడు దాటిన తరువాతనే, 33వ యేట, 2003లో సాగనంపిరి.

మిన్నెసోటా వారి తప్పు వాకరును కొనుటలో కంటె, కొన్న పిదప వానినెట్లు ఆడింపవలెనో ఎరుగకపోవుటలో నున్నది. రెండున్నర ఋతువులలో అతడు అచ్చట ఒక్క యేడును 1,000 గజములు దాటలేదు. 1992లో ఫిలడెల్ఫియా చేరిన వెంటనే 1,070 గజములు పరుగెత్తెను. అప్పటికతనికి ముప్పది నిండినవి. కావున వాని సత్తువ ఉడిగెనని మిన్నెసోటా వారు చెప్పుకొనుటకు వీలులేదు. జట్టు తీరునకు సరిపడని మనిషిని, భవిష్యత్తంతయు తాకట్టుపెట్టి తెచ్చుకొనిరి.

ఇంత చర్చలోను వాకరు మాట ఎత్తువారు తక్కువ. అతడు డాలస్‌ను విడువనిష్టపడలేదు. ఒప్పించుటకు జట్టువారు ప్రత్యేకముగ సొమ్ము చెల్లింపవలసివచ్చెను. సొమ్ము ముట్టినదిగదా యని కొందరందురు. కాని తాను ఆడని ఆటల గెలుపోటములకు ఒక ఆటగాని పేరు సామెతగా మారుటకు ఎంత సొమ్మిచ్చిన సరిపోవును? మిన్నెసోటాలో విఫలమైనవాడనియే అతనిని తలచుకొనుచున్నారు. ఆ బేరములో అతనికి మాట లేదు, షరతులు వ్రాసినది అతడు కాదు.

1996లో, 34వ యేట, వాకరు తిరిగి డాలస్ జట్టులోనే చేరెను. అప్పుడు బంతితో పరుగెత్తు పని స్మిత్తుది. వాకరు ఎక్కువగా ఎదుటివారు తన్నిన బంతిని పట్టి తెచ్చుటయు, తోడుపడు ఇతర పనులును చేయుచు రెండేండ్లు ఆడి, 1997 ఋతువుతో ఆట చాలించెను.