సంపాదకుని మాట: విడిచిన బతుకు, చెల్లించిన వెల

రైల్వే కొలువుల కోసం కోస్తాంధ్ర నుంచి ఖరగ్‌పూర్, హిజ్లీ ప్రాంతాలకు తరలివచ్చిన తెలుగువారిలో క్రైస్తవులూ ఉన్నందున, విశ్వాసి పూర్వజీవితాన్ని విడిచిపెట్టడమనే ఈ సంచిక విషయం ఇక్కడి పాఠకులకు కొత్తది కాదు.

దానికి చెల్లించవలసిన వెలను ఒంగోలు ప్రాంతపు మాదిగల చరిత్ర చూపుతుంది. తోళ్ల వ్యాపారి యెర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం, అనగా నీట మునిగి విశ్వాసాన్ని బహిరంగంగా ఒప్పుకొనే సంస్కారం, పొందిన పిమ్మట, ఆయన బాటలో నడిచినవారు చచ్చిన పశువుల మాంసం తినడమూ, జాతరల్లో డప్పు కొట్టడమూ, ఆదివారం పనిచేయడమూ మానుకోగా, గ్రామపెద్దలు వారికి బట్టలు ఉతకరాదనీ కుండలు అమ్మరాదనీ ఆంక్షలు పెట్టారు.  ఇన్ని ఆంక్షల నడుమనే 1878 జూలై 3న గుండ్లకమ్మ నది ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు.