ఈతకొలను తెరిస్తే చాలదు!

తిరుపతి: కరోనా కారణంగా 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ విధించడంతో మూతబడిన ఈతకొలనులు తిరిగి తెరుచుకోవడానికి చాలా కాలం పట్టింది. పోటీలకు తయారయ్యే క్రీడాకారుల శిక్షణకు అదే యేడు అక్టోబరు 15 నుంచి కేంద్రం అనుమతించింది. మిగతా అందరికీ 2021 ఫిబ్రవరి 1 నుంచి గాని ప్రవేశం దక్కలేదు. మూడు మాసాలు తిరగకముందే వ్యాధి మళ్లీ విజృంభించగా మే 5 నుంచి రాష్ట్రంలో పగటి కర్ఫ్యూ వచ్చింది. ఆ విధంగా పిల్లలు ఈత నేర్చుకునే వేసవులు వరుసగా రెండు పోయాయి.

ఈ నష్టం పోటీలకు మాత్రమే సంబంధించినది కాదు. పూర్వం చిత్తూరు జిల్లా పల్లెల్లో ఈత నేర్పినవి వ్యవసాయ బావులే. నడుముకు తాడో, ఎండిన సొరకాయ బుర్రలో కట్టి పిల్లలను దింపి, పెద్దలు గట్టున కాపలా వుండేవారు. బోర్లు వచ్చి, భూగర్భజలం అడుగంటాక ఆ బావులు చాలావరకు ఎండిపోయాయి. ఈత నేర్పే బాధ్యత పట్టణాల్లోని కొలనులపై పడింది. అవి మూతబడిన కాలంలోనే వానలు దంచికొట్టాయి. 2020 నవంబరులో నివర్ తుపానుకు కల్యాణి డ్యాం నిండి గేట్లు ఎత్తారు. 2021 నవంబరు వరదల్లో రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని దిగువ గ్రామాలను ఖాళీ చేయించారు. ఒకవైపు నిండిన చెరువులు, మరొకవైపు ఈత రాని పిల్లలు! అసలు ప్రమాదం యిక్కడే వున్నది.

కొలను నీటి ద్వారా కరోనా వ్యాపిస్తుందనే భయం అప్పట్లో తల్లిదండ్రులను వెనక్కు లాగింది. తగినంత క్లోరిన్ కలిసిన నీటిలో ఆ క్రిమి నిలవదు. ముప్పంతా బట్టలు మార్చుకునే గదుల్లో, గట్టుమీది గుంపుల్లో వుంటుంది. తిరుమలలో 2020 సెప్టెంబరు బ్రహ్మోత్సవాల చక్రస్నానం పుష్కరిణిలో గాక ఆలయం లోపల తాత్కాలిక తొట్టిలో ఏకాంతంగా జరిపించినది జనం గుమిగూడకూడదనే.

అయితే నెలల తరబడి మూతబడిన కొలనును తాళం తీసి వాడుకలోకి తేవడం తగదు. నిలవనీరు నాచుకు, దోమలకు నిలయం. నీరు తోడి, అడుగు కడిగి, ఫిల్టర్లు శుభ్రపరచి, లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాముల క్లోరిన్, 7.2 నుంచి 7.8 మధ్య పి.హెచ్. వున్నట్లు పరీక్షించాకే పిల్లలను దింపాలి.

నీటితోపాటు ఈదేవారి శరీరాన్నీ పరీక్షించుకోవలసి వున్నది. కొన్ని వారాలు మానేస్తేనే దమ్ము తగ్గుతుంది, భుజాల కండరాలు సడలుతాయి. పాత లెక్కన మొదటిరోజే బారలు వేస్తే భుజం పట్టేస్తుంది. పూర్వపు దూరంలో సగానికి మించకుండా ఆరంభించి, వారం వారం కొద్దిగా పెంచడం క్షేమకరం. కరోనా సోకిన కొందరిలో గుండె కండరానికి వాపు రావచ్చు. ఛాతీనొప్పి, ఆయాసం, గుండెదడ వున్నవారు వైద్యునికి చూపించుకోనిదే నీటిలోకి దిగరాదు. ఊపిరి బిగబట్టి నీటి అడుగున ఈదే పందేలు మరీ ప్రమాదం. స్పృహ తప్పినవాడు కేక కూడా వేయలేడు.

అగ్రశ్రేణి ఈతగాళ్లకు వేరే దారి దొరికింది. శ్రీహరి నటరాజ్, కుశాగ్ర రావత్‌లను 2020 ఆగస్టులో దుబాయికి శిక్షణకు పంపారు. అక్కడే సాధన చేసిన సజన్ ప్రకాశ్ 2021 జూన్‌లో రోమ్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లైని 1 నిమిషం 56.38 సెకన్లలో ముగించి, ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత పొందిన తొలి భారత ఈతగాడయ్యాడు. జిల్లా పిల్లలకు దుబాయి ఎక్కడిది? వారికి వూళ్లోని కొలనే దిక్కు.

2020లో ఎనిమిదేళ్లున్న పిల్లలు చెరువులకు, క్వారీ గుంతలకు తామే వెళ్లే వయసుకు వచ్చారు. అప్పుడు నేర్వని ఈతను వారికి యిప్పుడైనా నేర్పాలి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరు జిల్లా అయినందున రెండు జిల్లాల క్రీడాధికారులు, పాఠశాలలు కలిసి వేసవి శిబిరాల్లో ఈ పిల్లలకు ప్రత్యేక తరగతులు పెట్టవచ్చు. ప్రతి తరగతికి శిక్షకునితోపాటు గట్టుమీద కాపలాకు మరొకరు వుండి తీరాలి. వెనుకటి బావిగట్టున పెద్దలు చేసిన పని అదే.