సంతకం పెట్టింది పెళ్ళికొడుకే

1934లో బేలా గాల్ హంగేరీలో ‘మెషెఔతో’ అనే ప్రేమ హాస్యచిత్రం తీశాడు. ఓ బ్యాంకు అధిపతి కార్ల దుకాణంలో ఒక మధ్యతరగతి అమ్మాయిని చూసి మనసు పారేసుకుంటాడు. కారు ఆమెకు బహుమతిగా దక్కేలా చాటుగా ఏర్పాటు చేసి, తానే డ్రైవరుగా పనికి కుదురుతాడు. డబ్బు దాచిపెడితేనే ప్రేమ నిజమో కాదో తేలుతుందని ఆ కథ నమ్మకం. అందులో కడుపుబ్బ నవ్వించిన గ్యూలా కబోష్ యూదు వ్యతిరేక చట్టాల కాలంలో దేశం విడిచి, 1941లో న్యూయార్కులో కన్నుమూశాడు. ఆ సినిమా చూస్తుంటే ఆ సంగతే మనసును మెలిపెడుతుంది.

ప్రేమా, మారువేషమూ, డబ్బూ కలిసిన కథ మన గడ్డకు కొత్త కాదు. ఆకాశరాజు కూతురు పద్మావతిని వలచిన శ్రీనివాసుడు ఎరుకలసాని వేషం కట్టి ఆమె ఇంటికే వెళ్ళి సోది చెప్పాడు. పెళ్ళి కుదిరింది, చేతిలో కాసు లేదు. కుబేరుడి దగ్గర అప్పు తీసుకుని పత్రం రాసిచ్చాడు. బ్రహ్మ, శివుడు, రావిచెట్టు సాక్షులు. ఆ వడ్డీ నేటికీ తీరలేదని కొండెక్కే ప్రతి భక్తుడూ చెబుతాడు. పుత్తూరు దగ్గరి నారాయణవనం గుడిలో, ఆ పెళ్ళి వంటలకు వాడిందంటూ పెద్ద తిరగలిని చూపిస్తారు. చూసి దండం పెట్టుకుని వచ్చేస్తాం. ఆ పెళ్ళికి అప్పు చేసింది వరుడు, ఆడపిల్ల తండ్రి కాదు. ఆ ఒక్క సంగతి మాత్రం ఇంటిదాకా తెచ్చుకోం. అదే స్వామి పటం ముందు కూర్చుని కట్నం బేరాలాడతాం. కూతురి పెళ్ళికి చేను తాకట్టు పెట్టిన రైతులు మన పల్లెల్లో ఎంతమంది లేరు!

1952లో విజయా వారి ‘పెళ్ళిచేసి చూడు’ ఈ బేరాన్నే పట్టుకుంది. ఎల్.వి. ప్రసాద్ దర్శకుడు. కట్నం సొమ్ము చేతికి రాలేదని తండ్రి పెళ్ళిపీటల మీది కొడుకును లాక్కుపోతాడు. ఆ కొడుకు పేరూ వెంకటరమణే. భార్యను వదులుకోలేక అతను పిచ్చి నటిస్తాడు, ఆమె నర్సు వేషంలో అదే ఇంట అడుగుపెడుతుంది. హంగేరీ సినిమా కంటే దీన్ని నేను ఒక మెట్టు పైనే ఉంచుతాను. అక్కడ డబ్బును దాచారు, ఇక్కడ పెళ్ళిపందిట్లో నలుగురి ముందూ నిలదీశారు. వరకట్న నిషేధ చట్టం వచ్చింది ఆ తర్వాత తొమ్మిదేళ్ళకు, 1961లో.

శ్రీ వేంకటేశ్వర, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు ఈ రెండు సినిమాలనూ విద్యార్థులకు చూపించి చర్చ పెట్టాలని మా కోరిక. కొడుకులకు సంబంధాలు చూస్తున్న తల్లిదండ్రులకూ ఒక మాట. తిరుమల కల్యాణవేదికలో పెళ్ళి ఉచితంగానే జరుగుతుంది. అంతకు మించి ఘనంగా చేయాలనుకుంటే ఆ ఖర్చు మీరే పెట్టుకోండి.