క్రింద పడినవాని కర్తవ్యము

శరణాగతి అనగా చేతులు ముడుచుకొని కూర్చుండుటయే అని సాధకులలో అనేకులు భావించుచున్నారు. ప్రారబ్ధము మీద పడినప్పుడు చేయదగినదేదియు లేదందురు. అది శరణాగతి కాదు, తామసము.

జపాను మల్లవిద్యయైన జుజుత్సును పరిశీలింపుడు. ‘జు’ అనగా మృదుత్వము. ప్రత్యర్థి వక్షముపై కూర్చున్నప్పుడు నూతన విద్యార్థి భయముతో చేతులు చాచి నెట్టును. చాచిన చేయియే ప్రత్యర్థికి చిక్కును, శ్వాస తరుగును. నిపుణుడు మొదట శ్వాసను నిలుకడ చేసికొనును. ప్రత్యర్థి చేతినొకదానిని, అదే ప్రక్కనున్న పాదమును కదలనీయక బంధించును. ఆ వైపు ఊతము కోల్పోయినవానిని, తన నడుమును పైకెత్తి, ఆ దిశకే దొర్లించును. అప్పుడు పైవాని భారమే వానిని పడద్రోయును.

అయితే ప్రతి భారమును దొర్లింపలేము. వీరఘట్టమున జన్మించి, విజయనగరమున వ్యాయామము నేర్పిన మల్లయోధులు కోడి రామమూర్తి నాయుడుగారు వక్షముపై ఏనుగును నిలుపుకొనెడివారు. ఏనుగును ఎవరు దొర్లింపగలరు? భరించుటయే అక్కడి విద్య. వారి బలమునకు ప్రాణాయామము మూలమని ప్రసిద్ధి. 1942లో వారు దివంగతులైనను, శ్రీకాకుళములోని క్రీడాప్రాంగణము నేటికిని వారి నామమును ధరించియున్నది.

దొర్లింపదగినదేది, భరింపదగినదేది? అన్యాయము, దురభ్యాసము మొదటి కోవకు చెందినవి. వార్ధక్యము, ఆప్తవియోగము రెండవ కోవకు. రెండింటికిని ఆరంభమొక్కటే: భయమును విడిచి శ్వాసను నిలుపుట. ఆ నిశ్చలతలోనే వివేకముదయించును. గాండీవమును జారవిడిచిన అర్జునుడు భగవానుని శరణుజొచ్చిన పిదప అరణ్యమునకు పోలేదు, కర్తవ్యమునకై లేచెను. శరణాగతి నిష్క్రియత్వము కాదనుటకు వేరొక నిదర్శనమేల?